ధర్మాసుపత్రి ఎవరి ధర్మం?

ఈ దేశపు ఆర్థిక విధానం ఎట్లా నడుస్తున్నదో తెలుసుకోడానికి ఢిల్లీ బడ్జెట్టు పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. మా హైస్కూలు హాజరుపట్టీ చూస్తే చాలు. తొమ్మిదో తరగతి పట్టీలో ఒక అమ్మాయి పేరు ఎదురుగా సంక్రాంతి సెలవుల తర్వాత ఒక్క హాజరు కూడా పడలేదు. మాదిగపల్లె పిల్ల. లెక్కల్లో చురుకు. వడ్డీ లెక్క బోర్డు మీద వేసేలోపే నోటితో జవాబు చెప్పేది. వాకబు చేద్దామని పల్లెకు పోతే పిల్ల ఇంట్లో లేదు, మిరపకోతకు పోయింది. తల్లి మంచంలో ఉంది.

ఆ తల్లికి ముప్పై రెండేళ్లు. పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట. మొదట మండలంలోని ఆరోగ్య కేంద్రానికి రెండుసార్లు పోయింది. ఒకసారి డాక్టరమ్మ లేదు. రెండోసారి నర్సు "పల్లె నుంచా?" అని అడిగి, నాడి పట్టకుండా, మాత్రలు బల్ల చివర పెట్టి తీసుకోమన్నది. మూడోసారి ఆమె అక్కడికి పోలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వెంటబెట్టుకుని టౌన్లో ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోయాడు. స్కానింగు తీశారు. గర్భసంచి చెడిపోయింది, ఇప్పుడు తీసేయకపోతే క్యాన్సరవుతుందన్నారు. ఇంట్లో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకున్న ఆరోగ్య కార్డు చూపిస్తే, ఈ ఆపరేషనుకు మా దగ్గర అది చెల్లదన్నారు. నలభై వేలు. మిరపతోట ఆసామి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి, కోతలకు వస్తామన్న ఒప్పందం మీద తెచ్చారు. ఆపరేషనయిన మనిషి వంగి కాయ కోయలేదు. తల్లి బదులు కూతురు పోయింది.

సాయంత్రం పిల్ల వచ్చిందాకా కూర్చున్నాం. చేతులు మంటెత్తి ఉన్నాయి. "సారూ, వడ్డీయే నెలకు పన్నెండొందలు. నాకు రోజుకు మూడొందలిస్తారు. నెలలో నాలుగు రోజులు వడ్డీకే పోద్ది" అని లెక్క చెప్పింది. మేము నేర్పిన లెక్కే. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఈ సంచిక సంపాదకీయం ఆ పిల్ల లెక్కకు జవాబు వెతుక్కునే ప్రయత్నం.

చావులోనూ కులం

మంత్రులు, వాళ్ల ఆర్థిక సలహాదారులు చెప్పే లెక్క ఒకటుంది. దేశం పెరుగుతున్నది, సంపద పెరుగుతున్నది, అది పైనుంచి కిందికి కారుతుంది, అప్పుడు మీ రోగాలూ తగ్గుతాయి, కాస్త ఓపిక పట్టండి అని. ముప్పై ఏళ్లకు పైగా ఓపిక పట్టాం. కిందికి కారింది ఎంతో సర్కారు కాగితాల్లోనే చూద్దాం.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దళితుల ఇళ్లలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 45 మంది ఏడాది నిండకుండానే పోయారు. రిజర్వేషన్ జాబితాల్లో లేని కులాల ఇళ్లలో ఆ సంఖ్య 32. అదే దేశం, అవే టీకాలు, అదే జెండా. ఆ తేడా పదమూడు ఎక్కడిది? ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక మరో మాట చెప్పింది. చనిపోయిన దళిత స్త్రీల సగటు వయసు 39.5 ఏళ్లు, పై కులాల స్త్రీలది 54.1 ఏళ్లు. తేడా పద్నాలుగున్నర ఏళ్లు. మనవరాలిని ఎత్తుకునే వయసు వాళ్లది, కూతురి పెళ్లి కూడా చూడని వయసు మన అమ్మలది.

రక్తహీనత లెక్క తీయండి. 2019–21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తం చాలదని తేలింది. ఐదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో నూటికి 70 మందికి, ఆంధ్రలో 63 మందికి. ఐటీ టవర్ల రాష్ట్రాలివి! ప్రార్థనలో నిలబడ్డ పిల్లలు కళ్లు తిరిగి పడిపోతే మేము నీళ్లు చల్లి లేపుతాం. పడేది ఎక్కువగా ఏ పల్లె పిల్లలో ఏ పంతులును అడిగినా చెబుతాడు.

ఇద్దరు పెద్దమనుషుల వాదం

ఇక్కడ మనకు ఇద్దరు పెద్దమనుషులు ఎదురొస్తారు. మొదటివాడు మార్కెట్టు మనిషి. "ఇది కులం కాదయ్యా, పేదరికం. ఆదాయం పెరిగితే అదే పోతుంది" అంటాడు. రెండోవాడు మన కామ్రేడు. "ఇది కులం కాదు కామ్రేడ్, వర్గం. వర్గం పోతే అదే పోతుంది" అంటాడు. ఒకరంటే ఒకరికి పడదు కానీ, మా గర్భసంచి దగ్గరా మా పిల్లల చావు దగ్గరా ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు, కులాన్ని లెక్కలోకి తీసుకోవద్దని.

వీళ్లిద్దరికీ జవాబు 2022లో అచ్చయిన ఒక పరిశోధనలో ఉంది. తొమ్మిది ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల్లో లక్షలాది కుటుంబాల వివరాలు తీసుకుని ఆయుర్దాయం లెక్కగట్టారు. పై కులాల హిందువులకంటే దళితులు మూడేళ్లకు పైగా, ఆదివాసులు నాలుగేళ్లకు పైగా తక్కువ బతుకుతున్నారని తేలింది. ముస్లింలు ఏడాది తక్కువ. ఆస్తీ అంతస్తూ సమానం చేసి చూసినా ఆ తేడా పోలేదు. అంతరంలో సగం కూడా ఆర్థిక స్థితి వల్ల వచ్చింది కాదు. మన తెలుగు రాష్ట్రాలు ఆ తొమ్మిదిలో లేవు, నిజమే. కానీ మన నర్సు అడిగిన "పల్లె నుంచా?" అన్న ప్రశ్న ఆ తొమ్మిది రాష్ట్రాల్లో ఎవరూ అడగరని అనుకుంటున్నారా?

మిగతా సగం ఎక్కడుందో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 2001–02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి అంటరానితనం మీద చేసిన అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ పదకొండులో ఉంది. మూడింట ఒక వంతు గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లలోకి అడుగుపెట్టలేదని, దాదాపు సగం గ్రామాల్లో దళితులను నీళ్ల దగ్గరకు రానివ్వలేదని ఆ అధ్యయనం రాసింది. ఇల్లు తొక్కని ఆరోగ్య కార్యకర్త ఏ టీకా వేస్తుంది? బిడ్డ బరువు ఎట్లా తూస్తుంది? జీతం మాత్రం ఇంటింటికీ తిరిగినందుకే తీసుకుంటుంది.

కాబట్టి మేము చెప్పేదొకటే. పల్లెకు వచ్చే రోగం ఆకాశం నుంచి పడదు. అది ఊరి మురుగు ఎటు పారుతుందో అటునుంచి వస్తుంది. మందు కొట్టే పంపు ఎవరి వీపు మీద ఉందో ఆ వీపు మీదికి వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం పని చేసే దళితుల్లో నూటికి 46 మంది వ్యవసాయ కూలీలు. భూమి లేదు, నీళ్లు ఊరి దయ, ఇల్లు పల్లంలో. ఈ మూడూ ఎవరికెంత అని నిర్ణయించేది ఆర్థిక విధానమే. ఆసుపత్రి ఆ తర్వాతి మాట.

పదమూడు రోజులు

పాఠకులు రెండు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. 1991 జూలై 24న మన్మోహన్ సింగ్ పార్లమెంటులో నూతన ఆర్థిక విధానాల బడ్జెట్టు చదివాడు. దేశానికి కొత్త యుగమన్నారు. సరిగ్గా పదమూడు రోజులకు, ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. బడ్జెట్టు వల్ల చుండూరు జరిగిందని మేము అనడం లేదు. మార్కెట్టుకు తలుపులు తెరిచిన దేశం ఊరి తలుపు మాత్రం మనకు తెరవలేదని అంటున్నాం. పచ్చటి డెల్టాలో, పెట్టుబడి పండిన చోటే అది జరిగింది. సంపద పెరిగితే కులం దానంతటదే కరుగుతుందన్న మాట ఆనాడే తుంగభద్ర కాలువలో శవమై తేలింది.

ఆ కొత్త యుగం ఆసుపత్రిలోకి ఎట్లా వచ్చిందో చూడండి. 1978లో ఆల్మా అటాలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని 2000 సంవత్సరానికల్లా అందరికీ ఆరోగ్యం అన్నాయి. 1987కల్లా ప్రపంచబ్యాంకు మాట మార్చింది. సర్కారు ఆసుపత్రిలో రోగి దగ్గర రుసుము వసూలు చేయాలన్నది. 1994లో మన ఆంధ్రప్రదేశ్ జిల్లా, ఏరియా ఆసుపత్రుల కోసం ప్రపంచబ్యాంకు దగ్గర అప్పు తీసుకుంది. ఇట్లాంటి అప్పు తీసుకున్న మొదటి రాష్ట్రం మనదే. భవనాలు లేచాయి, పరికరాలు వచ్చాయి, అది అబద్ధం కాదు. దాంతోపాటే యూజర్ చార్జీలన్న మాట వచ్చింది. పర్మనెంటు కొలువులు తగ్గాయి. వార్డులు ఊడ్చే పని, కాపలా పని కాంట్రాక్టుకు పోయాయి. 1983లో కిలో రెండు రూపాయలకు వచ్చిన రేషన్ బియ్యం ధరను 1996లో మూడున్నర చేశారు.

ఈ మార్పుల్ని ఆర్థికవేత్తలు పొదుపు అన్నారు. ఆ పొదుపు ఎవరి ఒంట్లోంచి తీశారు? ఆసుపత్రి ఊడ్చేది మన అక్కలే. ముందు సర్కారు కొలువు, సెలవు, పింఛను ఉన్న మనిషి, కాంట్రాక్టరు కింద రోజుకూలీ అయింది. ఊడ్చే చేతికి తొడుగు లేదు. ఆ ఆసుపత్రిలో పని చేసి జబ్బు చేస్తే ఆ ఆసుపత్రిలోనే ఆమెకు సెలవు దొరకదు. పట్టణాల్లో మురుగు కాలువల సంగతి చెప్పనక్కర్లేదు. పాకీ పని నిషేధ చట్టం 1993లో వచ్చింది, మళ్లీ 2013లో వచ్చింది. మ్యాన్‌హోల్లో చచ్చినవాడి కుటుంబానికి పది లక్షలివ్వమని సుప్రీంకోర్టు 2014లో అన్నది, ముప్పై లక్షలు చేయమని 2023లో అన్నది. ధర పెరిగింది కానీ దిగడం ఆగలేదు. కాంట్రాక్టు పద్ధతిలో బాధ్యుడు ఎవరన్నదే తేలదు గదా.

వేరే దారి లేదు, డబ్బులు లేవు, ప్రపంచమంతా ఇంతే అన్నారప్పుడు. అబద్ధం. అదే 1994లో పక్కనున్న తమిళనాడు మందుల కోసం ఒక సర్కారు కార్పొరేషన్ పెట్టుకుంది. కంపెనీల దగ్గర టెండరు మీద టోకున మందులు కొని, గోదాముల్లో నిలవ చేసి, ప్రతి ఆరోగ్య కేంద్రానికీ పాసు పుస్తకం మీద పంపిణీ చేసింది. మందు బయట కొనుక్కోమని చీటీ రాసే పని తగ్గింది. సర్కారు కొలువులో పల్లెటూళ్లలో పని చేసిన డాక్టర్లకు పీజీ సీట్లలో వాటా ఇచ్చి ఊళ్లకు డాక్టర్లను రప్పించుకుంది. అదే కేంద్రం, అదే సరళీకరణ, అదే రూపాయి. తేడా ఎక్కడిదంటే, ఆ నేల మీద బ్రాహ్మణేతర ఉద్యమం, పెరియార్ ఉద్యమం పాలకుల మెడ మీద కూర్చున్నాయి. అక్కడా దళితుల మీద దాడులున్నాయి, మేము ఆ రాష్ట్రాన్ని స్వర్గమనడం లేదు. ఆర్థిక విధానం దేవుడు రాసింది కాదని మాత్రం అంటున్నాం.

కార్డు ఇచ్చారు, డాక్టర్ని ఇవ్వలేదు

ఆరోగ్యశ్రీ సంగతి మాట్లాడకపోతే మమ్మల్ని నిజాయితీ లేనివాళ్లంటారు. 2007లో మూడు జిల్లాల్లో మొదలై రాష్ట్రమంతా వచ్చింది. మా పల్లెలోనే గుండె ఆపరేషను చేయించుకుని ఇవాళ బర్రెలు కాస్తున్న మనిషి ఉన్నాడు. ముందైతే చచ్చేవాడు. కార్పొరేట్ ఆసుపత్రి ఏసీ గదిలో మాలవాడూ మాదిగవాడూ పడుకోవడం చిన్న సంగతి కాదు. అది మా వాళ్లకు మర్యాదగా తోచింది, ఆ మర్యాద విలువ మాకు తెలుసు.

కానీ ఆ కార్డు దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో కూడా తెలియాలి. గుండె పగిలితే పనికొస్తుంది. బీపీ, షుగరు ఉన్నాయని ముందే చూసి గుండె పగలకుండా ఆపడానికి పనికిరాదు. జ్వరం, కడుపునొప్పి, దగ్గు, రక్తం చాలకపోవడం, కాన్పు తర్వాత నీరసం, పురుగుమందు తలకెక్కడం, ఏడాదిలో మన ఇళ్లకు వచ్చే రోగాల్లో తొంభై పాళ్లు ఇవే. వీటికి కార్డు లేదు, ఆర్‌ఎంపీ ఉన్నాడు. మనిషి ఆపరేషను బల్ల మీదికి చేరేదాకా చెడితేనే సర్కారు డబ్బు కదులుతుంది. అట్లా కదిలిన డబ్బులో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రులకే చేరింది. మండల ఆరోగ్య కేంద్రంలో ఖాళీ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

రోగాన్ని సరుకు చేస్తే ఏమవుతుందో మన ఆడవాళ్ల ఒళ్లే సాక్ష్యం. 2015–16 సర్వేలో దేశం మొత్తం మీద 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులు ప్రత్యేకంగా చెడిపోయాయా? చిన్న ఇన్‌ఫెక్షనుకు మందిచ్చే డాక్టరమ్మ దగ్గర లేనప్పుడు, కోసేవాడు మాత్రం బస్టాండు పక్కనే ఉన్నప్పుడు ఇట్లాగే అవుతుంది. ముప్పై ఏళ్లకే గర్భసంచీ దాంతోపాటు అండాశయాలూ పోగొట్టుకున్న కూలిమనిషి ఎముకలు తొందరగా గుల్లబారతాయి. ఆమె ఆస్తి ఆ ఎముకలే.

ఇక 2025లో జరిగింది చూశాం. బకాయిలు చెల్లించలేదని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్కు ఆసుపత్రులు ఆ ఏడాదిలో కార్డు మీద వైద్యం ఆపేశాయి. పథకం పేరు మారింది, కార్డు మీద బొమ్మ మారింది, పరిమితి లక్షలకు లక్షలు పెంచారు. తాళం చెవి మాత్రం ప్రైవేటు చేతిలోనే ఉంది. వాళ్లు తలుపేస్తే మన దగ్గరున్నది అట్టముక్క. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పది కొత్త వైద్య కళాశాలల్ని ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది. భూమి ప్రజలది, నడిపేది పెట్టుబడిదారు. అందులో మన పిల్లలకు సీటు ఏ ధరకు దొరుకుతుందో, మన రోగికి మంచం ఏ షరతు మీద దొరుకుతుందో ముందే కాగితం మీద చెప్పమని అడగడం మన హక్కు.

జేబు ఖర్చు తగ్గిందని కేంద్రం అంటున్నది. 2013–14లో దేశపు మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టింది నూటికి 64 రూపాయలు, 2021–22కి అది 39కి దిగిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. దిగితే సంతోషమే. కానీ సగటులో మా పిల్ల లేదు. రోగమొచ్చినా ఆసుపత్రికే పోని మనిషి ఖర్చు సున్నా, సగటును దించేది ఆ సున్నా కూడా. పైగా 2025 నాటికి ఆరోగ్యం మీద దేశాదాయంలో రెండున్నర శాతం సర్కారు ఖర్చు పెడుతుందని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో మాటిచ్చారు. 2021–22లో, కోవిడ్ మధ్యలో కూడా, కేంద్రమూ రాష్ట్రాలూ కలిసి పెట్టింది 1.84 శాతం.

బాబాసాహెబ్ ఏం చెప్పారు?

ప్రత్యామ్నాయం ఏదని అడిగేవాళ్లకు మనం విదేశీ పుస్తకం వెతకనక్కర్లేదు. 1927 మార్చి 20న మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసిలితో నీళ్లు తాగారు. దాన్ని ఆత్మగౌరవ పోరాటమని మాత్రమే చదువుకున్నాం. అది ఆరోగ్య పోరాటం కూడా. మంచినీళ్లకు మించిన మందు ఏ డాక్టరూ కనిపెట్టలేదు. ఆ మరుసటేడు బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు వస్తే ఆయన సమర్థించారు. కాన్పు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశ ప్రయోజనమని వాదించారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు ఎనిమిది గంటల పనిదినం తెచ్చారు. 1948లో చట్టమైన ఈఎస్‌ఐకి పునాదులు పడింది ఆ రోజుల్లోనే. ఆ ఈఎస్‌ఐ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. పొలం గట్టు దాకా రాలేదు. మన జనంలో సగం ఉన్నది పొలం గట్టు మీద.

1947లో ఆయన రాసిన 'రాజ్యాలు – మైనారిటీలు' పత్రాన్ని మళ్లీ తీయండి. మూల పరిశ్రమలు రాజ్యానివి కావాలన్నారు. భూమి రాజ్యానిదై, కులం చూడకుండా ఊరి జనానికి ఉమ్మడి సేద్యానికి ఇవ్వాలన్నారు. బీమా రాజ్యం గుత్తాధిపత్యంలో ఉండాలన్నారు. ఇదంతా రాజ్యాంగంలోనే రాసిపెట్టాలని, మెజారిటీ మారినప్పుడల్లా మార్చే వీల్లేకుండా చేయాలని అడిగారు. ఆనాడు ఎవరూ వినలేదు. ఇవాళ ఆయన విగ్రహానికి దండలు వేసే పాలకులే మన రోగాన్ని ప్రైవేటు ఆసుపత్రి బిల్లుగా మార్చారు. విగ్రహం ఎత్తు పెరిగిన కొద్దీ ఆ పత్రం చదివేవాళ్లు తగ్గారు.

సావిత్రీబాయి పూలేను కూడా తలుచుకోవాలి. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు ఆ తల్లి రోగంతో ఉన్న ఒక మహర్ పిల్లవాడిని వీపున మోసుకుని కొడుకు నడిపే వైద్యశాలకు తెచ్చింది. ఆ రోగం అంటుకునే మార్చి 10న చనిపోయింది. అరవై ఆరేళ్ల మనిషి అంటరాని పిల్లవాడిని వీపున ఎక్కించుకున్న దేశంలో, నూట ముప్పై ఏళ్ల తర్వాత మాత్ర బల్ల చివర పెడుతున్నారు.

డబ్బెక్కడిది?

చివరికి అందరూ అడిగేది ఇదే. డబ్బు ఎక్కడ నుంచి తేవాలి? ఆర్థిక శాస్త్రం చదువుకోని మా పల్లె ముసలమ్మ కూడా దీనికి జవాబు చెబుతుంది. ఉన్నవాడి దగ్గర నుంచి తేవాలి. 2015 బడ్జెట్టులో సంపద పన్ను ఎత్తేశారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. దానివల్ల ఏడాదికి 1,45,000 కోట్ల రాబడి పోతుందని ఆర్థిక మంత్రే ఆనాడు చెప్పారు. ఆ ఏడాది కేంద్ర ఆరోగ్య శాఖకు కేటాయించింది 65 వేల కోట్ల లోపే. అంటే దేశం మొత్తానికి పెట్టే ఆరోగ్య బడ్జెట్టుకు రెట్టింపుకు పైగా ఒక్క రోజులో కంపెనీలకు వదిలేశారు. మా పిల్ల తల్లి సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా జీఎస్టీ కడుతుంది. ఆమెకు ఎవరూ ఏమీ వదలలేదు.

ఇది సాధ్యమేనా అంటే, థాయిలాండ్ చూడండి. అదేమీ అమెరికా కాదు, 1997లో దాని బాట్ కుప్పకూలి దివాలా అంచుకు పోయిన దేశం. అయినా 2002 నాటికి దేశంలో ఏ మనిషైనా ముప్పై బాట్లు ఇచ్చి వైద్యం చేయించుకునే పద్ధతి తెచ్చింది. అది కార్డు పంచినందువల్ల కాలేదు. అంతకు చాలా ముందే కొన్నేళ్లపాటు పట్నం ఆసుపత్రుల కొత్త ఖర్చు ఆపి, ఆ డబ్బుతో జిల్లా కింద ఊరి ఆసుపత్రులు కట్టి, చదువైన డాక్టర్లను అక్కడికి తప్పనిసరిగా పంపింది. ముందు ఆసుపత్రి, తర్వాత కార్డు. మనవాళ్లు తలకిందులు చేశారు.

మన బాకీ

పాలకుల్ని తిట్టి ఊరుకోవడం సులువు. మన ఉద్యమం బాకీ కూడా చెప్పుకోవాలి. మనం విగ్రహం కోసం రాస్తారోకో చేశాం, ఉద్యోగాల కోసం చేశాం, అవి చేయాల్సినవే. మండల ఆరోగ్య కేంద్రం ముందు ఎన్నిసార్లు కూర్చున్నాం? వర్గీకరణ మీద మాలా మాదిగా ఒకరి ముఖం ఒకరు చూడని రోజుల్లో కూడా ఆ నర్సు ఇద్దరికీ బల్ల చివరే చూపించింది. మనలో చదువుకుని ఉద్యోగాలొచ్చిన మాలాంటివాళ్లం రీయింబర్స్‌మెంటు కాగితాలు పట్టుకుని కార్పొరేట్ ఆసుపత్రికి పోయాం. సర్కారు ఆసుపత్రిని అడిగే నోరున్నవాళ్లం దాన్ని వదిలేస్తే, అది నోరులేని వాళ్లకు మిగిలింది. ఈ మాట రాయడానికి మాకు సిగ్గుగానే ఉంది.

మా ఊళ్లలో సర్కారు ఆసుపత్రిని ఇప్పటికీ ధర్మాసుపత్రి అంటారు. ఎవరి ధర్మం? పునాది రాయి మోసింది మనం, ఊడ్చేది మనం, పన్ను కట్టేది మనం. మన డబ్బుతో మన చెమటతో కట్టిందానికి ధర్మమనే పేరెందుకు? ధర్మం పెట్టేవాడు బల్ల చివర పెడతాడు. హక్కున్నవాడు చేయి చాచి నాడి చూడమంటాడు. ఆ మాట మార్చడంతో పని మొదలుపెడదాం.

మేము అడిగేవి ఇవి.

ఒకటి, ప్రతి ఆరోగ్య కేంద్రంలో పర్మనెంటు డాక్టరు, ఆడవాళ్లను చూసే డాక్టరమ్మ, గోడ మీద ఆ రోజు ఉన్న మందుల పట్టిక ఉండాలి.

రెండు, 2013లో కొట్లాడి తెచ్చుకున్న ఉపప్రణాళిక చట్టం డబ్బు ముందుగా పల్లె మంచినీళ్లకు, మురుగు కాలువకు, మెరక ఇంటి స్థలానికి పోవాలి, రోడ్లకూ వంతెనలకూ కాదు.

మూడు, వ్యవసాయ కూలీకి ఈఎస్‌ఐ లాంటి రక్షణ, జబ్బు పడ్డ రోజులకు కూలి, పురుగుమందు కొట్టే మనిషికి యజమాని ఖర్చుతో రక్షణ సామాను ఇవ్వాలి.

నాలుగు, మండలంలో ఎవరి బిడ్డలు చనిపోతున్నారో, ఎవరి గర్భసంచులు పోతున్నాయో కులాలవారీగా లెక్క తీసి బయటపెట్టాలి.

ఐదు, ఆసుపత్రిలో అంటరానితనాన్ని నేరంగానే చూడాలి. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం ప్రకారం దళితుల్ని ఆసుపత్రిలోకి, ఆరోగ్య కేంద్రంలోకి రాకుండా అడ్డుకోవడం నేరం. ఆ సెక్షను అక్కడి గోడ మీద తెలుగులో రాయించాలి.

ఈ పత్రిక అందిన ప్రతి పల్లెలో నలుగురు కలిసి వచ్చే సోమవారం మీ ఆరోగ్య కేంద్రానికి పోండి. డాక్టరు ఉన్నదీ లేనిదీ, ఏ మందు లేదో, మనల్ని ఎక్కడ కూర్చోబెట్టారో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, మాకు పంపండి. వచ్చే సంచికలో మండలాల వారీగా అచ్చేస్తాం. వాళ్ల సర్వేలు ఐదేళ్లకొకసారి వస్తాయి. మనది పదిహేను రోజులకొకసారి రావాలి.

ఇన్ని రోజులు రాకపోతే పిల్ల పేరు పట్టీలోంచి కొట్టేయమని పై నుంచి మాట వచ్చింది. మేము కొట్టెయ్యలేదు. రోజూ పొద్దున ఆ పేరు పిలుస్తున్నాం. జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల కాదు.

జై భీం.